ఉడుకుమోతు కుక్కరు

నేను ఒక రైస్‌కుక్కర్ని. పేరులో కుక్క ఉంది కదా అని విశ్వాసం ఆశించకండి. నా వృత్తి ఉడికించడం, ప్రవృత్తి ఉడుక్కోవడం. కడుపుమంట లోకంలో అందరికీ ఉంటుంది గానీ, దాన్ని అడుగున పళ్ళెంలా అమర్చి, మరలు బిగించి, స్విచ్చి కూడా పెట్టి పంపింది నాకే. గంజి వార్చడం రాదు, ఎదుటివాడి బాగు ఓర్చడం అంతకన్నా రాదు. నాది అత్తెసరు వంట. బుద్ధికి కూడా అత్తెసరు మార్కులే.

పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. వరసగా కదిలే పట్టీ మీద నాకు ముందున్న దానికి గాజుమూత వేశారు, నా దగ్గరికి వచ్చేసరికి రేకుమూత వేశారు. ఆ క్షణంలో నాలో ఏదో చురుక్కుమంది. ఇంకా కరెంటు కూడా ఇవ్వలేదప్పటికి.

ఓడెక్కి మస్కట్ చేరాను. నా మొదటి యజమాని పెద్దాపురం నుంచి వచ్చిన ఒక సర్వేయరు, బ్రహ్మచారి. అన్నం నాలోనే, పప్పు నాలోనే, గుడ్లు నాలోనే. ఒకసారి జలుబు చేస్తే ఆవిరి పట్టడానికి తలకాయ కూడా నాలోనే పెట్టాడు. ఊళ్ళు కొలిచే మనిషికి బియ్యం కొలత మాత్రం తెలియలేదు. ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోతూ నన్ను తోటి ఉద్యోగి శేషుబాబు చేతిలో పెట్టాడు. శేషుబాబుకి అప్పుడే పెళ్ళయింది. పెళ్ళికూతురి పేరు హైమ.

హైమ కొలతగ్లాసు వాడదు. బియ్యం మీద చూపుడువేలు నిలబెట్టి, మొదటి గణుపు దాకా నీళ్ళు పోస్తుంది. పదహారేళ్ళు రోజుకి రెండుసార్లు ఆ వేలు నన్ను పలకరించింది. ఇంట్లో చుట్టాలు లేని నెల లేదు. వచ్చినవాళ్ళందరికీ అదే నిజ్వా కోట, అదే మత్రా బజారు, అదే సముద్రపొడ్డు ఫోటో. కోట వాకిట్లో టిక్కెట్లమ్మే అతను శేషుబాబుని చూడగానే “మళ్ళీ వచ్చావా” అన్నట్టు నవ్వే స్థాయికి చేరింది వ్యవహారం. ఎవరొచ్చినా, ఎక్కడికి వెళ్ళినా డిక్కీలో నేను ఉండాల్సిందే. తెలుగువాడు పాస్‌పోర్టు మరిచిపోయి బయల్దేరతాడేమో గానీ, కుక్కరు లేకుండా ఊరు దాటడు.

అలా వెలుగుతున్న నా ఎర్రదీపం మీద నీళ్ళు పోసింది అరవింద రాక.

అరవింద, హైమ కాకినాడ కాలేజీ హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నారట. ఒకే కంచంలో తిన్నారట. ఇరవై ఏళ్ళ తర్వాత అరవింద, మొగుడు కామేశంతో పది రోజులకి మస్కట్ వస్తోంది. హైమ కర్టెన్లు మార్చింది, దిండుగలేబులు మార్చింది. శేషుబాబు ఊరుకుంటాడా? నన్ను మార్చాడు.

“నలుగురికి ఈ డొక్కు ఏం సరిపోతుంది?” అని ఒక కొత్త కుక్కర్ని ఎత్తుకొచ్చాడు. దాని ఒంటి నిండా బొత్తాలు, నుదుటి మీద అంకెలు. మూత తెరిస్తే పాట పాడుతుంది. దాని తీగ ఒంటికి అతికి ఉండదు, ఊడదీసి చుట్టి పక్కన పెట్టుకోవచ్చు. పెద్దింటి కోడలి వడ్డాణంలాగ. నాదేమో పుట్టుకతో వచ్చిన తోక. నన్ను వంటింటి మూల పాత పేపర్ల మీద కూర్చోబెట్టారు. ఆ వారం పేపర్లలో ఎన్ని వార్తలున్నాయో, నా కడుపులో అన్ని వాతలు తేలాయి.

హైమకి ఆ బొత్తాలంటే భయం. అరవింద మాత్రం వచ్చిన మర్నాడే వాటి భాష పట్టేసింది. “నువ్వు కూర్చోవే, నేను చూసుకుంటా” అని కొంగు దోపింది. అంతే, మళ్ళీ పొయ్యి దగ్గర్నుంచి కదలలేదు. పూటకో రకం. మొదటి రోజు హైమ మురిసిపోయింది. రెండో రోజు ముసిముసిగా నవ్వింది. మూడో రోజు శేషుబాబు పొడిపొడిగా రాలే అన్నం వేళ్ళతో విడదీస్తూ, “అన్నం అంటే ఇలా ఉండాలి హైమా. పదహారేళ్ళుగా మనం తిన్నది ఏంటో మరి” అన్నాడు.

మగవాళ్ళు నోరు తెరిచేది రెండింటికి: ఒకటి అన్నానికి, రెండోది అనర్థానికి. ఆయన రెండూ ఒకే ముద్దలో కానిచ్చాడు.

ఆ తర్వాత తన వంటింట్లో హైమ చుట్టంలా తిరిగింది. ఉప్పెక్కడుందో అరవిందని అడిగింది. అడిగాక, మూలన ఉన్న నా వంక చూసింది. పేపర్ల మీద పడున్నది ఇద్దరమని మా ఇద్దరికే తెలుసు.

ఆరో రోజు సలాలా ప్రయాణం. జూలైలో మస్కట్ పెనంలా కాలుతుంటే, అదే దేశంలో వెయ్యి కిలోమీటర్ల అవతల సలాలాలో ముసురు పడుతుంది. కొండలు పచ్చగా ఉంటాయి. ఎడారివాళ్ళకి అది వింత. కాకినాడవాళ్ళకి దాన్ని వింతగా చూపించాలనుకోవడం అంతకన్నా వింత.

పొద్దున్నే అరవింద కొత్త కుక్కర్ని తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టి స్నానానికి వెళ్ళింది. హైమ వంటింట్లోకి వచ్చింది. అటూ ఇటూ చూసింది. సంచీ విప్పి, కుక్కరు గిన్నెలోంచి తీగ తీసి, పోపులపెట్టె వెనక్కి తోసింది. సంచీ మళ్ళీ ఎప్పట్లాగే కట్టింది. తర్వాత నన్ను ఎత్తి, దుప్పటిలో చుట్టి, డిక్కీలో దిండ్ల కింద దాచింది.

తప్పని నాకు తెలుసు. తెలిసీ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వెయ్యి కిలోమీటర్లూ ఆ బొత్తాల మహారాణి నా పక్కనే, ప్రాణం ఇంట్లో వదిలేసి వస్తున్న సంగతి తెలియకుండా ఊగుతూ వచ్చింది.

సలాలా హోటల్ గదిలో పొయ్యి లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కొండలు చూసి, పదకొండింటికి ఆకలితో వచ్చారు. “ఈ ముసురుకోసం ఇంత దూరమా బావగారూ? మా ఇంటెనకాల కాలవ గట్టున కావలసినంత” అని కామేశం తల తుడుచుకుంటున్నాడు. అరవింద సంచీ విప్పింది. గిన్నె తీసింది. తువ్వాలు దులిపింది. సంచీ బోర్లించింది.

“తీగేది?” అంది.

“ఇంట్లో మర్చిపోయుంటావు. పోన్లే, ఎందుకైనా మంచిదని నేను పాతది పెట్టాను” అంది హైమ. ఆ మాట మరీ తొందరగా వచ్చేసింది. బియ్యం కడక్కముందే ఎసరు కాగినట్టు.

నన్ను బల్ల మీద పెట్టారు. బియ్యం పడ్డాయి, వేలు దిగింది, స్విచ్చి నొక్కింది. సలాలాలో సలసల కాగాను. పేరుకి అన్నం గానీ ఉడికించింది పగ. ఆవకాయతో నలుగురూ తిన్నారు. మగవాళ్ళిద్దరూ సముద్రం చూడటానికి వెళ్ళారు.

అరవింద కంచాలు కడిగి, తుడిచి, మంచం మీద కూర్చుంది.

“ఆ తీగ చుట్టి గిన్నెలో పెట్టింది నేనేనే హైమా. నా చేత్తో.”

హైమ నా తీగ గోడలోంచి పీకి చుట్టడం మొదలుపెట్టింది.

“తీసేశావు కదూ?”

“తీసేశాను” అంది హైమ. “ఆయన అన్న మాటకి ఒళ్ళు మండింది. నిన్ను పిలిచింది నేను, నాకే నా ఇంట్లో పనిలేకుండా పోయింది. ఎన్నాళ్ళకొచ్చావని సంతోషపడాల్సింది పోయి ఎప్పుడెళ్తావా అని లెక్కపెట్టుకున్నాను. ఇంకేమంటావో అను.”

అరవింద కంచాలు తుడిచిన తువ్వాలు మడిచి పక్కన పెట్టింది.

“మా ఇంట్లో పొయ్యి మా పెద్ద తోటికోడలిది. నేను కాపురానికొచ్చిన రోజే చెప్పేసింది, కూరలు తరుగు, కంచాలు పెట్టు, గరిటె మాత్రం ముట్టుకోకు అని. పంతొమ్మిదేళ్ళు. నాకొచ్చిన వంటేంటో మా ఆయనకే తెలీదు. మొన్న నీ ఇంట్లో తింటూ, ‘ఇది నువ్వు చేశావా’ అన్నాడు. దానికే నాకు పిచ్చెక్కింది. పదిరోజులు ఒక వంటిల్లు నాదనుకుందామనుకున్నానే. నీదని మర్చిపోయాను.”

“నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదా?”

“నువ్వు చెప్పావా?”

హైమకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ తుడుచుకుని లేచి, నన్ను దగ్గరికి తీసుకుంది. ఎంత పొంగిపోయానో. మూత ఎగిరిపోతుందేమో అనిపించింది. తీసుకెళ్ళి అరవింద ఒళ్ళో పెట్టింది.

“దీనికి పొయ్యి అక్కర్లేదు. గోడకి ప్లగ్గుంటే చాలు. నీ గదిలో పెట్టుకో.”

“నువ్వు పదహారేళ్ళు…”

“అందుకే ఇస్తున్నా. కొత్తదానికి బొత్తాలెలా నొక్కాలో వెళ్ళేలోపు నేర్పించు.”

గెలిచానని ఎగిరిన పూటే నన్ను కన్యాదానం చేసేశారండి. పెట్టెలో ఖర్జూరాలు తీసేసి నాకు చోటు చేశారు. విమానాశ్రయంలో నా చెవుల్లో చివరగా పడ్డ మాట హైమదే. “మొదటి బొత్తాం రెండుసార్లా, ఒక్కసారేనా?” అని అరవిందని అడుగుతోంది. అప్పుడే దాని కొలతలు నేర్చేసుకుంటోంది. ఆ వేలు ఇక ఆ మహారాణిది. కాకినాడ చేరేదాకా కుళ్ళుతూనే ఉన్నాను.

కామేశం ఇక్కడి గోడకి పట్టదని నా పలకల ప్లగ్గు కోసేసి గుండుపిన్నులది తగిలించాడు. ముక్కు కోసి ముక్కెర పెట్టినట్టయింది. మేడ మీద వాళ్ళ గదిలో, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆదివారం మధ్యాహ్నం అరవింద తలుపు దగ్గరగా వేసి బియ్యం కడిగింది. గ్లాసుతో కొలుస్తుందనుకున్నాను. చూపుడువేలు నిలబెట్టి, మొదటి గణుపు దగ్గర ఆగింది. హాస్టల్లో ఎవరు ఎవరికి నేర్పారో మరి.

ఎసరు మరిగి, ఆవిరి కిటికీలోంచి కిందికి దిగింది. కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. పెద్ద తోటికోడలు సత్యవేణి తలుపు తోసి గుమ్మంలో నిలబడింది.

“ఏంటి అరవిందా, పైన వాసనొస్తోంది?”

“అన్నం అక్కా. నేనే వండాను. కూర్చో, నీకూ పెడతాను.”

సత్యవేణి కూర్చోలేదు. అరవింద వంక చూడలేదు. నా వంక చూసింది, రేకుమూత నుంచి కొత్త ప్లగ్గు దాకా. ఆ చూపు నాకు కొత్తదా? పుట్టినప్పటి నుంచి నేను లోకాన్ని చూసిన చూపే అది. మొదటిసారి నన్ను చూసి ఒకరు కుళ్ళుకుంటున్నారు.

ఆ పూట ఒక్క మెతుకూ అడుగంటలేదు.