నీళ్లు తగ్గాక తేలిన ఇల్లు

1988 జులైలో సౌత్ డకోటాలో ఎండలు మండిపోతున్నాయి. లవీనా గ్రే ఎల్క్ రెండు వారాలుగా క్లినిక్‌కి రాలేదు. ఆమె డెబ్బై దాటిన లకోటా తెగ మనిషి, షుగర్ పేషెంట్. మందుల విషయంలో అశ్రద్ధ చేసే రకం కాదు. ఆరేళ్లుగా ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టర్ భానుమతికి మనసు ఊరుకోలేదు. మధ్యాహ్నం కారు తీసుకుని, ఆ తెగకు ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్ నేలలో మిట్ట మీద ఉన్న వాళ్లింటికి వెళ్లింది.

"అమ్మ లేదు. తన ఇంటికి వెళ్లిపోయింది," అంది కూతురు మార్లీన్ గుమ్మంలో నిలబడి.

"ఇది ఆమె ఇల్లు కాదా?"

"ఇది గవర్నమెంటు ఇచ్చిన ఇల్లు. అమ్మది కింద ఉంది."

మార్లీన్ చెయ్యి చూపించిన వైపు మిస్సోరీ నది ఆనకట్ట వెనక నిలిచిన పెద్ద సరస్సు ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట ఆ ఆనకట్ట కట్టినప్పుడు నది ఒడ్డున ఉన్న ఊరు మొత్తం మునిగింది. జనవరి మంచులో జనాన్ని లారీల్లో ఎక్కించి, చెట్టన్నది లేని ఈ మిట్ట మీద దింపారు. ఈ ఏడాది కరువుకు సరస్సు వెనక్కి పోయింది. మునిగిన ఊరు బయటపడింది.

భానుమతి నెర్రెలిచ్చిన బురద మీద నడుచుకుంటూ కిందికి దిగింది. దారంతా నల్లబడిన చెట్ల మొద్దులు, అక్కడక్కడ ఇళ్ల పునాదులు. ఒక పునాది మధ్యలో చిన్న గుడారం, దాని నీడలో మడత కుర్చీ వేసుకుని లవీనా కూర్చుని ఉంది.

"రా డాక్టర్. నువ్విప్పుడు మా వంటింట్లో నిలబడ్డావు," అంది నవ్వుతూ.

భానుమతి ఆమె వేలు గుచ్చి రక్తం చూసింది. షుగర్ మూడు వందలు దాటింది.

"ఇన్సులిన్ ఆపేశారా?"

"అయిపోయింది. పైకొచ్చి తెచ్చుకుందామంటే ఈ చోటు వదలడానికి లేదు." లవీనా పెరటివైపు ఉన్న ఒక లావుపాటి మొద్దు చూపించింది. "అక్కడ నా కొడుకు ఉన్నాడు. పేరు పెట్టకముందే పోయాడు. ఆనకట్ట వాళ్లు శ్మశానంలో సమాధులు తవ్వి పైకి తీసుకెళ్లారు. వీడికి సమాధి రాయి లేదు. ఇంటి దగ్గరే పెట్టుకున్నాం, వీణ్ని కూడా తీయండి అని చెప్పాను. సరేనన్నారు. వాళ్లకంటే ముందు నీళ్లొచ్చాయి."

"మరి ఇప్పుడు..."

"మొన్న ఆదివారం ఇద్దరు మగాళ్లు పడవలో వచ్చారు. చేతుల్లో పారలు. పాత బాణం ములుకులు, పూసలు, ఎముకలు ఏవి దొరికినా పట్టుకెళ్లి అమ్ముకుంటారు. నేను లేస్తే వాళ్లొస్తారు."

భానుమతి తన బ్యాగ్‌లో ఉన్న మందు ఇచ్చి, ఆ సాయంత్రానికి తిరిగి వచ్చేసింది.

మర్నాడు సరస్సును చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి కీత్ అనే అధికారి క్లినిక్‌కి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మాట మెత్తన. సరస్సు అడుగున ఎవరూ గుడారం వేయకూడదని రూలు ఉందన్నాడు. పోలీసుల్ని పంపడం తనకు ఇష్టం లేదన్నాడు.

"మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు డాక్టర్. ఆ ఎండలో ఉంటే ఆవిడ ప్రాణానికి ప్రమాదమని రాసివ్వండి. అంబులెన్స్‌లో మర్యాదగా తీసుకొస్తాం."

అతను చెప్పింది నిజమే. భానుమతికి అదే ఇబ్బందిగా తోచింది.

ఇంటికొచ్చాక భోజనం దగ్గర భర్తకు చెప్పింది. శ్యామ్‌సుందర్ అదే ఊళ్లో ఫార్మసిస్ట్.

"మెడికల్‌గా కరెక్టే కదా భానూ. రేపు ఆవిడకి ఏమైనా అయితే నిన్ను బ్లేమ్ చేస్తారు. సైన్ చేసెయ్," అన్నాడు.

"కరెక్టేనండీ. కానీ నేను సైన్ చేసేది ఆవిడ హెల్త్ కోసం కాదు, వాళ్ల పని ఈజీ అవడానికి."

కాసేపు కంచంలో అన్నం కెలికి మళ్లీ అంది. "మా ఊరు ఖాళీ చేయించిన రోజు నాన్న అరుగు దిగనన్నాడు. నలుగురు పోలీసులు ఎత్తి లారీలో వేశారు. అన్నయ్య ఫోన్‌లో చెప్తుంటే నేను చికాగోలో హాస్పిటల్ కారిడార్‌లో నిలబడి విన్నాను. వినడం తప్ప ఏం చేశాను?"

కృష్ణ ఒడ్డున ఉన్న ఆమె ఊరు ఆనకట్ట నీళ్లలో మునిగి అప్పటికి ఏడేళ్లయింది. ఇంట్లో ఆ మాట ఎత్తడం అదే మొదలు. శ్యామ్‌సుందర్ పొద్దున ఐస్ పెట్టెలో ఇన్సులిన్ సీసాలు సర్ది, కారులో తనే పెట్టాడు.

భానుమతి కీత్‌కి ఫోన్ చేసింది. "ప్రమాదం ఉంది. కానీ ఆవిడ తెలివిలో ఉండి, అన్నీ తెలిసి అక్కడ కూర్చుంది. బలవంతంగా తీసుకురమ్మని నేను రాయను. రోజూ నేనే వెళ్లి చూసుకుంటాను."

అలా రోజూ క్లినిక్ అయ్యాక వెళ్లేది. లవీనా ఆ ఊరి సంగతులు చెప్పేది. ఇక్కడ కాటన్‌వుడ్ చెట్లు ఎంత దట్టంగా ఉండేవో, చలికాలంలో అవి గాలిని ఎలా ఆపేవో, నది పక్క పొదల్లో అడవి ప్లమ్ పళ్లు ఏరి పిల్లల చేతులు ఎలా ఎర్రబడేవో.

ఆగస్టులో ఒకరోజు భానుమతి వెళ్లేసరికి లవీనా కుర్చీ పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది. ఇంజక్షన్ వేసుకుని, తిండి తినడం మరిచిపోవడంతో షుగర్ బాగా పడిపోయింది. భానుమతి బ్యాగ్‌లోంచి ఆరెంజ్ జ్యూస్ తీసి గుక్క గుక్కగా తాగించింది. తన మొండితనం ఈ ముసలామెను చంపేదే కదా అనుకుంది.

కళ్లు తెరవగానే లవీనా, "అంబులెన్స్ పిలవకు," అంది.

"పిలవను. కానీ ఇకమీదట మీరు ఒంటరిగా ఉంటే నేను ఒప్పుకోను. ఎవరో ఒకరు తోడుండాలి."

"ఇక్కడ ఉంటే పోలీసులు పట్టుకుపోతారు. కూతుర్ని జైలుకి పంపమంటావా?"

"ఆమెనే అడుగుదాం."

భానుమతి నేరుగా మార్లీన్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. మార్లీన్ వెంటనే దుప్పట్లు మూటగట్టింది. ఆమె వెంట పక్కింటి అక్కచెల్లెళ్లు వచ్చారు. పైకి తీయని వాళ్ల తమ్ముడి సమాధి కూడా ఆ మునిగిన ఊళ్లోనే ఎక్కడో ఉంది. తరవాత ఇంకొందరు వచ్చారు. వారం తిరక్కుండా పునాదుల మధ్య గుడారాలు వరసగా లేచాయి. పారల వాళ్ల పడవ మళ్లీ వచ్చింది గాని, అంతమందిని చూసి అటే తిరిగిపోయింది.

చివరికి కీత్ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. లవీనా మాత్రం కుర్చీలోనే ఉంది.

"అమ్మా, నేను చెప్పేది..."

"నేను చెప్పేది విను. మా అమ్మమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు సైనికులు గుర్రాల మీద వచ్చి, అడవిదున్నలు తిరిగే నేల నుంచి వాళ్లను ఇక్కడికి తోలారు. ఇక్కడే ఉండండి, ఇది ఎప్పటికీ మీదే అన్నారు. ఆ తరవాత నా కాలంలో వచ్చి, మీ నేల మాకు కావాలి, మిట్ట ఎక్కండి అన్నారు. ఎక్కాం. ఇప్పుడు నువ్వొచ్చావు. ఈసారి నేను కదలను. నా కొడుకును నా చేతికి ఇవ్వు, ఈ గుడారం నేనే పీక్కుంటాను."

కీత్ ఆ మొద్దు వైపు చాలాసేపు చూశాడు. పోలీసుల్ని కారు దగ్గరికి పొమ్మని, తను నేల మీద గొంతుక్కూర్చుని, "ఎక్కడో సరిగ్గా చూపించండి," అన్నాడు.

పై ఆఫీసు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తెగ పెద్దలు, వాళ్ల లాయరు, కీత్ కలిసి నెల రోజులు తిరిగారు. సెప్టెంబరు చివర్లో యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చింది. తెగ మనుషులు పక్కన ఉండగా బ్రష్షులతో మెల్లగా మట్టి తీశారు. మొద్దుకు రెండడుగుల అవతల కంబళి పోగులు కనిపించాయి. వాటి మధ్య చిన్న చిన్న ఎముకలు, నీలం పూసల దండ.

లవీనా ఏడవలేదు. పూసలు చూసి, "ఇవి నేను గుచ్చినవే," అంది. తరవాత భానుమతి భుజం పట్టుకుని లేచి, తన గుడారం తాళ్లు తనే విప్పింది.

మిగతా గుడారాలు అలాగే ఉన్నాయి. అక్కచెల్లెళ్ల తమ్ముడు దొరకలేదు. మంచు పడేదాకా వాళ్లు అక్కడే వెతుకుతూ ఉన్నారు.

బిడ్డను మిట్ట మీద శ్మశానంలో, తండ్రి పక్కన పెట్టారు. పేరు కూడా పెట్టారు. ఆ తరవాత హాల్లో అందరికీ భోజనాలు. వాళ్ల ఆచారం ప్రకారం, కష్టంలో తోడున్నవాళ్లను పేరుపేరునా పిలిచి లవీనా కానుకలు ఇచ్చింది. భానుమతి భుజాల మీద నక్షత్రం కుట్టిన బొంత కప్పింది. శ్యామ్‌సుందర్‌కు ఒక దుప్పటి ఇచ్చింది.

కీత్ తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియక తచ్చాడుతున్నాడు. లవీనా అతన్ని చూసింది.

"నీకు బొంత లేదు," అంది పెద్దగా. హాల్లో కొందరు నవ్వారు. "కానీ సూపు చాలా ఉంది. వచ్చి కూర్చో."

కీత్ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. మార్లీన్ అతని ముందు గిన్నె పెట్టింది.

లవీనా తన పళ్లెంలో తీపి రొట్టె వేసుకోబోతుంటే భానుమతి ఆ పళ్లెం మెల్లగా పక్కకు జరిపింది.

"ఇవాళ ఒక్కరోజు, డాక్టర్," అంది లవీనా.

భానుమతి ఒక క్షణం ఆలోచించి, రొట్టెను సగానికి తుంచి, ఒక ముక్క ఆమెకిచ్చి రెండో ముక్క తను తింది.