జువాన్నే సముద్రంలో దిగిన రోజు

పాస్కెద్ద ఒకటి అనుకుందంటే ఆ పని అయిపోయినట్టే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆమెకు ఇంకాస్త బాగా తెలుసు. అందుకే జూన్‌లో ఒక ఆదివారం భోజనాల దగ్గర "ఈ ఎండాకాలం నేను ఓర్గోసా తీరానికి వెళ్తున్నా" అని ఆమె ప్రకటించినప్పుడు, కొడుకు ప్రియామో ఎందుకు, ఎలా అని అడగలేదు.

"ఎవరెవరం?" అన్నాడు.

"నేనూ, మీ మామయ్యా. పడవ నడపడానికి నువ్వు."

ప్రియామో చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది. "మామయ్య వస్తానన్నాడా?"

"ఇంకా అడగలేదు. అడిగితే రాడు. అందుకే అడగను."

ఓర్గోసా వాళ్ళ కొండ కింద ఉన్న చిన్న తీరం. తెల్లటి గులకరాళ్ళు, చుట్టూ సున్నపురాతి గోడలు. కొన్నేళ్ళుగా రక్షిత ప్రాంతం. రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టి పంపిస్తున్నారు. ఇప్పుడు అదీ లేదట. అక్టోబరు నుంచి మూడేళ్ళపాటు తీరానికి పూర్తి విశ్రాంతి అని ఊరి సభలో తీర్మానం చేశారు. రాళ్ళకి కూడా అలసటేనా అని ముసలాళ్ళు బారులో కూర్చుని నవ్వుకున్నారు. పాస్కెద్దకు మాత్రం నవ్వు రాలేదు. ఆమెకు గుర్తొచ్చినవి అన్నయ్య మోకాళ్ళు.

జువాన్నేకు డెబ్బై ఎనిమిది. చిన్నతనంలో చలికాలాలన్నీ ఆ తీరం పైనున్న మేకల దొడ్లోనే గడిపాడు. కుంటిమేకను భుజాన వేసుకుని ఆ నిలువు దారిలో పాట పాడుకుంటూ ఎక్కేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరేళ్ళ నుంచి అటు వెళ్ళడం మానేశాడు. ఎవరైనా రమ్మంటే "ఆ గొడుగుల సంతలోకి ఎవడు పోతాడు" అని విసుక్కుంటాడు. గొడుగులూ కాదు, సంతా కాదు. ఆదివారం చర్చి మెట్లు దిగేటప్పుడు ఆకాశం చూస్తున్నట్టు నటిస్తూ, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతాడు. చెల్లెలు వెనకాల నుంచి అంతా చూస్తూనే ఉంది.

ఇంకొకటి కూడా ఆమె చూసింది. తీరం నుంచి తిరిగొచ్చిన వాళ్ళెవరు కనబడినా జువాన్నే ఒకటే అడుగుతాడు, "ఊట వస్తోందా?" అని. నీళ్ళ అంచున, గులకరాళ్ళ సందుల్లోంచి, ఉప్పునీళ్ళ పక్కనే మంచినీళ్ళు ఊరే చోటు ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టింది అతనే, పదేళ్ళ వయసులో. ఇప్పుడు అటు వెళ్ళే కుర్రకారుకి ఊటంటే ఏమిటో తెలియదు. తలకాయ ఊపి వెళ్ళిపోతారు. అప్పుడు అన్నయ్య ముఖం పాస్కెద్ద చూడలేకపోయేది. మూడేళ్ళ తర్వాత అతను ఉంటాడో లేదో. ఉన్నా పడవ ఎక్కగలడో లేదో. కాబట్టి ఈ ఎండాకాలమే. అంతే.

చిక్కల్లా అతని పౌరుషంతోనే. మేకను మోసినవాణ్ణి ఇంకొకరు మొయ్యడమా? ఆ మాట ఎత్తితే చాలు, నెల రోజులు మాట్లాడడు.

మర్నాడే ఆమె తీరం కాపలా చూసే సహకార సంఘం ఆఫీసుకి వెళ్ళింది. బల్ల వెనకాల మిలేనా కూర్చునుంది. చిన్నప్పుడు బడిలో పాస్కెద్ద వండి పెట్టిన సూప్ తాగి పెరిగిన పిల్ల.

"మిలేనా, పడవ ఎంతవరకూ రావచ్చే?"

"నీళ్ళ మీద తేలే పసుపుపచ్చ బోయాల దాకా, పిన్నీ. అది దాటితే జరిమానా. మీవాడి పడవైనా సరే, పోప్‌గారి పడవైనా సరే."

"గాడిద?"

"గాడిద పడవలో ఎందుకు వస్తుంది?"

"దారిలోనే, పిల్లా!"

"గాడిదలు వద్దు. కుర్చీలు వద్దు, గొడుగులు వద్దు, తువ్వాలు పరవడం వద్దు, వంటలు అసలే వద్దు."

"ఈదుకుంటూ రావచ్చా?"

మిలేనా తలెత్తి చూసింది. "ముందే పేరు రాయించుకుంటే రావచ్చు. ఎవరు ఈదేది?"

"నేనే. ఎందుకలా చూస్తావ్? వెన్నునొప్పికని డాక్టరు కింది ఊరి ఈతకొలనులోకి తోశాడు. నాలుగేళ్ళయింది, ఇంకా బయటికి రాలేదు. ఇది చెప్పు, ఈదేవాళ్ళ దగ్గర గాలి నింపిన ట్యూబు ఉండొచ్చా?"

"ఉండొచ్చు, భద్రతకి మంచిదే."

"ట్యూబులో మనిషి ఉండొచ్చా?"

మిలేనా గడ్డం గోక్కుంది. కాసేపటికి ఆమెకు విషయం అందింది. "జువాన్నే తాతా?" అంది గొంతు తగ్గించి.

"నేను పేరు చెప్పానా?"

"చెప్పలేదులే. ట్యూబు పడవ కాదు పిన్నీ. తెడ్డు లేదు, ఇంజను లేదు. నాకైతే అభ్యంతరం లేదు. కానీ ఆయన నీళ్ళలోకి దిగుతాడా? మేకల కాపరులెవరైనా మోకాలు దాటి దిగగా చూశావా నువ్వు?"

"చూడలేదు. చూస్తా," అంది పాస్కెద్ద. రెండు పేర్లు రాయించి, తారీఖు మాత్రం తర్వాత చెబుతానని లేచింది.

తారీఖు చెప్పాల్సింది జువాన్నే. ఆ పని ఆమె కావాలనే అతనికి వదిలిపెట్టింది.

అన్న ఇంటికి వెళ్ళేసరికి అతను పెరట్లో కూర్చుని చాకుతో బెండు చెక్కుతున్నాడు. ఆమె వంకాయలు బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, గాలి పడిపోయే రోజు ఎప్పుడొస్తుంది?" అంది.

"దేనికి?"

"ఓర్గోసాకి ఈదాలి. బోయాల దగ్గర దిగి ఒడ్డుదాకా."

జువాన్నే చాకు ఆపాడు. "నీకు మతిపోయిందా? కొలనులో కప్పలా ఈదినంత మాత్రాన సముద్రం నీ మాట వింటుందనుకున్నావా?"

"వింటుంది."

"అక్కడికి పోవడానికి చీటీ కూడా రాయించుకున్నావట! ఊరంతా చెప్పుకుంటున్నారు. మన మేకలు మేసిన చోటికి మనకి చీటీనా? సిగ్గులేదూ?"

"లేదు. నువ్వు రానక్కర్లేదులే. గాలి సంగతి మాత్రం చెప్పు. ప్రియామో ఫోన్‌లో చూసి శుక్రవారం బాగుంటుందంటున్నాడు."

"శుక్రవారమా? వాడి ఫోన్‌కి కళ్ళున్నాయా?" జువాన్నే లేవబోయి, మోకాలు పట్టేయడంతో మళ్ళీ కూర్చుని, మొదటి నుంచీ కూర్చోవాలనే అనుకున్నట్టు కాలు చాపుకున్నాడు. "శుక్రవారం మధ్యాహ్నానికి వాయవ్యం గాలి లేస్తుంది. ఆ గాలికి నువ్వు అవతలి ఒడ్డున ట్యునీసియాలో తేలతావు. నేను చెప్పేదాకా కదలకండి. పడవలో నేనూ వస్తా. నువ్వు మునిగిపోతుంటే చూడ్డానికి మన కుటుంబం నుంచి ఒక బుద్ధున్నవాడైనా ఉండాలి."

పాస్కెద్ద వంకాయలు సర్దుతూ ముఖం అటు తిప్పుకుంది. నవ్వు కనబడితే పని చెడుతుంది.

ఆగస్టు పోయింది, పండగ రద్దీ పోయింది. సెప్టెంబరులో ఒక సాయంత్రం జువాన్నే కబురు పంపాడు, రేపు అని. పొద్దున్నే రేవులోకి వచ్చినవాణ్ణి చూసి ప్రియామో ఇంజను ఆపేశాడు. ఆ ఎండలో మామయ్య నల్ల వెల్వెట్ సూటు వేసుకొచ్చాడు, కాపరులు పెళ్ళిళ్ళకి వేసుకునేది. కాళ్ళకి తోలు బూట్లు, నెత్తిన టోపీ, చంకలో మూట. మూటలోంచి కాల్చిన మేకమాంసం వాసన.

"ఎవరి పెళ్ళి మామయ్యా?"

"నోర్ముయ్. సముద్రం మీదికి పోతున్నాం, సిగరెట్ల కొట్టుకి కాదు. మర్యాద ఉండక్కర్లేదా?"

"అక్కడ తినకూడదన్నారు," అంది పాస్కెద్ద.

"పడవ నాది, అంటే మీవాడిది. పడవలో తింటాను. నన్నెవరాపుతారు?"

పడవలో పాత ట్రాక్టరు ట్యూబు ఒకటి నిండుగా గాలి పట్టి పడుంది. జువాన్నే దాని వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. అది దేనికని అడగకుండా వెళ్ళి పడవ ముందు వైపు కూర్చున్నాడు. మంచిదే అనుకుంది ఆమె.

రాతిగోడలు దాటి పడవ మలుపు తిరగగానే ఓర్గోసా కనబడింది. ప్రియామో బోయాల దగ్గర ఇంజను ఆపాడు. నీళ్ళు గాజులా ఉన్నాయి, అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. గాలి ఊపిరి బిగబట్టినట్టుంది. జువాన్నే చెప్పిన రోజు అది, లెక్క తప్పలేదు. ఒడ్డున జనం తక్కువే. జువాన్నే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు చికిలించి తీరం పైకి చూశాడు.

"దొడ్డి గోడ పడిపోయింది," అన్నాడు చివరికి. "ఆ జునిపెర్ చెట్టు మాత్రం ఉంది."

పాస్కెద్ద ఎర్రటి ఈతటోపీ పెట్టుకుని నీళ్ళలోకి దూకింది. దూకి, ట్యూబు లాక్కుని, పడవ పక్కన తేలుతూ ఆగింది.

"ఊట ఎక్కడన్నావ్ అన్నయ్యా? ఆ నల్లరాయి దగ్గరా?"

"నల్లరాయా? నీ తలకాయ! నాతో ఎన్నిసార్లొచ్చావ్ అక్కడికి?"

"అప్పుడు నాకు ఆరేళ్ళు. ఎలా గుర్తుంటుంది? గుహ దగ్గరా?"

"గుహకి అటువైపు వెళ్తే ఉప్పునీళ్ళు తాగుతావ్! చీలిన రాయి లేదూ, దాని నీడ పడేచోట..." జువాన్నే చేత్తో గాలిలో గీశాడు. "ఇక్కణ్ణుంచి చెబితే తెలిసేది కాదది. పాదానికి తెలియాలి."

"అయితే దిగు."

"ఏంటీ?"

"ట్యూబులోకి దిగు. నేను లాక్కెళ్తా."

ప్రియామో గాలం సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు. జువాన్నే ముఖం ఎర్రబడింది. "ఇదన్నమాట పన్నాగం! ఊరంతా చూస్తుండగా నన్ను టైర్లో పెట్టి ఈడుస్తావా? వెనక్కి తిప్పరా పడవ!"

"తిప్పకు," అంది పాస్కెద్ద. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టింది. "నీ మోకాళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు, నీకొక్కడికే రహస్యం. పోనీ. అది వదిలెయ్. రేపు నువ్వు పోతే ఆ ఊట ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? నాకు తెలీదు. వీడికి తెలీదు. నీతోపాటే పాతిపెట్టేస్తాం. అదేనా నీకు కావాల్సింది? చెప్పు. అదే అయితే నేనే ఈదుకుంటూ ఇంటికి పోతా."

పడవ అంచుకి నీళ్ళు మెల్లగా తగులుతున్నాయి. జువాన్నే ఒడ్డు చూశాడు, ట్యూబు చూశాడు. తర్వాత వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"ప్యాంటు విప్పను," అన్నాడు.

"ఎవరడిగారు?"

ప్రియామో చంకలు పట్టుకుని దింపుతుంటే జువాన్నే దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు, కొందరిని తిట్టాడు కూడా. ట్యూబులో కూలబడ్డాక చొక్కా, వెల్వెట్ కోటు గుండీలన్నీ పెట్టుకుని, టోపీ సరిచేసుకుని, రెండు చేతులా రబ్బరు పట్టుకున్నాడు. పాస్కెద్ద తాడు నడుముకి కట్టుకుని ఈదింది. ఈ నాలుగేళ్ళూ కొలనులో ఆ చివరికీ ఈ చివరికీ ఈదింది దీనికోసమే అని ఆమెకు అప్పుడు అనిపించింది. చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు.

"నెమ్మదిగా! గుర్రబ్బండి అనుకున్నావా?"

"మాట్లాడకు, బరువెక్కుతున్నావ్."

ఒడ్డున జనం లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. జువాన్నే వాళ్ళకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు, ఇదంతా తన ఏర్పాటే అన్నట్టు. కాపలాకి వచ్చిన మిలేనా నీళ్ళలోకి వచ్చి చెయ్యి అందించింది. "తాతా, రాళ్ళు తవ్వకూడదు, కదపకూడదు. ఈ ఒక్క మాటా వినాలి."

"తవ్వేదెవరే? నేనేమన్నా పందినా?"

అతను చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి అంచు వెంబడి నడిచాడు. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ మోయడం లేదు, ఇద్దరూ నడుస్తున్నారు. చీలిన రాయి నీడలో అతని పాదాలు వెతికాయి. ఆగిపోయాడు.

"ఇక్కడ."

పాస్కెద్ద పాదం పెట్టింది. సముద్రం గోరువెచ్చగా ఉంది. ఆ ఒక్కచోట మాత్రం మడమ కింద నుంచి చల్లదనం ఎముకల్లోకి ఎక్కింది. జువాన్నే మోకాళ్ళు మడవలేక, నడుం వంచి టోపీతో నీళ్ళు ముంచుకుని తాగాడు. సగం తీపి, సగం ఉప్పు. మళ్ళీ ముంచి చెల్లెలికి ఇచ్చాడు. మిలేనా కూడా అడిగి తాగింది. అతని గడ్డం మీది నుంచి కారేవి నీళ్ళో ఏమిటో ఎవరూ అడగలేదు.

"వస్తోంది," అన్నాడు. "ఇంకా వస్తోంది."

అతన్ని మళ్ళీ ట్యూబులో కూర్చోబెట్టి ఆమె పడవ వైపు ఈదింది. బోయాలు దగ్గరపడుతుండగా, "పాస్కెద్దా, నిజంగా నీకు గుర్తులేదా ఆ చోటు?" అన్నాడు అతను.

చీలిన రాయి నీడ ఆమెకు ఎన్నడూ మరుపు రాలేదు. ఆరేళ్ళప్పుడు అతని భుజాల మీద కూర్చుని, అతని టోపీలోంచే ఆ నీళ్ళు తాగింది.

"గుర్తులేదు," అంది.

జువాన్నే ఆమె ఎర్రటోపీ వంక కాసేపు చూశాడు. "నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు." తర్వాత ఒడ్డు వైపు తల తిప్పి, పడవలోని మేనల్లుడికి వినబడేలా గట్టిగా అన్నాడు.

"ఒరేయ్ ప్రియామో, ఈ ట్యూబు జాగ్రత్తగా దాచిపెట్టు. మూడేళ్ళలో తీరం తెరుస్తారు."