పని వెతకనివాళ్లు

తాళాల ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది నుంచి సర్వేయమ్మ ఆ పేటలో తిరుగుతూనే ఉంది. ఓడల్లో దిగే చవక తాళాలతో పోటీపడలేక ఫ్యాక్టరీ చేతులెత్తేసింది. ఉద్యోగాలు పోయిన మూడువందల మందీ తరవాత ఏమయ్యారో తేల్చడానికి ఒక ప్రొఫెసరుగారు పరిశోధన మొదలుపెట్టారు. ఏటా అవే ఇళ్లు, అవే ప్రశ్నలు. మొదట్లో ముఖం మీదే తలుపు వేసినవాళ్లు కూడా రానురాను కుర్చీ జరిపి కూర్చోమనేవారు.

అందరిలోకీ ఆమెకు ఇష్టమైనది మేస్త్రి ఇల్లు. ఇరవై ఆరేళ్లు తాళాలకు చెవులు కుదిర్చిన మనిషి. తమ తాళం పగలగొట్టేలోపు దొంగకు తెల్లారిపోయేదనీ, ఇప్పటివి గట్టిగా దగ్గితే ఊడొస్తాయనీ నవ్వించేవాడు. ఆమెను చెల్లెమ్మా అని పిలిచేవాడు. రేవు పక్క గోదాములో సరుకు సరిచూసే ఉద్యోగం దొరికిందని రెండో ఏడే చెప్పాడు. వరసగా మూడేళ్లు సర్వేయమ్మ ఆయన పేరు ఎదుట ‘ఉద్యోగంలో ఉన్నారు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

ఐదో ఏడు పరిశోధనలోకి కంపెనీలనూ చేర్చారు. పనివాళ్లు చెప్పినదాన్ని యజమానుల జాబితాలతో పోల్చాలి. గోదాము మేనేజరు రిజిస్టరు ముందుకు తోశాడు. మేస్త్రి పేరు లేదు. వెనకటి ఏళ్లవీ తిరగేసింది. వాటిలోనూ లేదు. ఆ వయసువాళ్లను తాము తీసుకోమని మేనేజరు మామూలుగానే చెప్పాడు.

గేటు దాటి వస్తే ఎదురుగా బస్సుల షెడ్డులో, సిమెంటు బల్ల మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో అన్నం డబ్బా. ఆమెను చూసి లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు.

“ఎన్నాళ్ల నుంచి అన్నయ్యా?”

“మొదటి నుంచీనమ్మా.”

సరుకు ఎక్కువ వచ్చిన రోజున పిలిస్తే దింపడానికి వెళ్తాడట. పిలవని రోజులే ఎక్కువ. ఫ్యాక్టరీ ఇచ్చిన సొమ్ములోంచి కొంత తీసి, నెలాఖరున జీతమని భార్య చేతిలో పెడుతున్నాడట.

“ఆ అబద్ధం మొదట చెప్పింది నీకే చెల్లెమ్మా. నువ్వు అడుగుతుంటే మా ఆవిడా, పిల్లా నా నోటివంకే చూస్తున్నారు. దొరికిందని అనేశాను. ఆవిడ ముఖం నువ్వూ చూశావుగా. ఆ తరవాత లేదని ఎలా చెప్పను? కాగితంలో అలాగే ఉండనీ.”

సర్వేయమ్మ రెండు రోజులు మథనపడింది. పని పోయినవాళ్లలో అరవై శాతం రెండేళ్లకే కుదురుకున్నారని ప్రొఫెసరుగారి పట్టిక చెబుతోంది. దాన్ని చూపించి రేపు ఇంకో ఫ్యాక్టరీ మూసేసినా ఫరవాలేదంటారు. ఇంట్లోవాళ్ల ముందు దొరికిందని చెప్పినవాళ్లు ఇంకా ఎందరున్నారో. మూడో రోజు జవాబు మార్చి రాసింది. ఈయనను విడిగానే అడగాలి, ఇంటికి ఫోన్ చేయకూడదు అని పక్కనే ఎర్ర సిరాతో రాసింది.

ప్రొఫెసరుగారు మెచ్చుకున్నారు. అందరినీ విడివిడిగా మళ్లీ అడిగించారు. అరవై కాస్తా ముప్ఫై ఏడుకు పడిపోయింది. అయితే మారిన ప్రతి జవాబునూ మరొకరు ఫోన్ చేసి సరిచూడాలన్నది నిబంధన. ఆ ఫోన్లు చేసేవాళ్లకు ఇచ్చిన జాబితాలోకి ఎర్ర సిరా మాట ఎక్కలేదు. మేస్త్రి ఇంట్లో ఫోన్ భార్య ఎత్తింది.

మరుసటి ఏడు ఆవిడే తలుపు తీసింది. మేస్త్రి లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“నా వల్లే వదినా,” అంది సర్వేయమ్మ.

ఆవిడ కాదనలేదు. తిట్టనూలేదు. “నాకు సగం తెలుసమ్మా. గోదాములో పనిచేసినవాడి చొక్కా అంత తెల్లగా ఇంటికొస్తుందా? తెలియనట్టు ఉండేదాన్ని. ఆ ఫోన్ వచ్చాక, ఇక అలా ఉండటం కుదరలేదు. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఆయనకో చోటుండేది. ఇప్పుడు అదీ లేదు.” ఆ తరవాత, వచ్చిన పని చూసుకోమన్నట్టు లోపలికి దారి వదిలింది.

సర్వేయమ్మ మంచం పక్కన కూర్చుని కాగితాలు తీసింది. గత వారంలో ఒక్క గంటైనా పని చేశారా అని అడిగింది. లేదన్నాడు, గోడకే చెబుతున్నట్టు.

“పని కోసం వెతికారా?”

ఆయన గోడ సున్నాన్ని గోటితో గీకాడు.

“లేదమ్మా.”

వెతకనివాళ్లు నిరుద్యోగుల లెక్కలోకి రారు. వాళ్లకు వేరే గడి ఉంది. ఆమె అందులో టిక్కు పెట్టింది. మిగతా ప్రశ్నలు అడగలేదు. ఆ రోజు వెళ్లాల్సిన ఇళ్లు ఇంకా నాలుగున్నాయి. వాటికీ వెళ్లలేదు. ఆయన ఇటు తిరుగుతాడేమోనని అక్కడే కూర్చుంది.