మూడు తాళాల పెట్టె

నేను ఒక ఇనప పెట్టెను. ఒంటినిండా చొట్టలు, అంచుల్లో తుప్పు, లోపలంతా మిరప ఘాటు. మూత తీసినవాళ్ళు ముందు తుమ్మాల్సిందే. నవ్వితే నవ్వండి. మీసం మెలేసిన మేస్త్రీని ఓడించిన పెట్టెను నేను.

గుంటూరులో ఒక రేకుల పనివాడు నన్ను చేశాడు. అప్పట్లో ఒకటే గొళ్ళెం, ఒకటే తాళం. నన్ను కొన్నవాడు మిరప కల్లంలో కూలీల మేస్త్రీ పుల్లారావు. ఎండలో రంగు తప్పిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ కూలిలోంచి తలా కొంత పట్టుకుని, "ఇంట్లో ఉంటే మీ మొగుళ్ళు తాగేస్తారే, నా దగ్గర భద్రం" అంటూ నాలో వేసేవాడు. ఆపైన నామీదే కాలుమీద కాలేసుకుని కూర్చునేవాడు. అవసరానికి అడిగితే కసురుకునేవాడు. ఎవరి డబ్బు వాళ్ళకివ్వడానికి వాళ్ళచేతే దండాలు పెట్టించుకోవడం మనుషులకే చేతనవును.

ఒక వేసవిలో డబ్బంతా తీసుకుని ఊరొదిలి పోయాడు. ఖాళీగా నేను మిగిలాను, తాళమూ దాని చెవీ నామీదే. ఆ కూలీల్లో సారమ్మ, తన కూతురి చెవి ఆపరేషన్‌కు దాచుకున్నదీ పోయింది. ఆమె వచ్చి నన్ను ఒక్క తన్ను తన్నింది. మళ్ళీ తనే, "పెట్టేం చేసిందిలే. తాళంచెవి ఒకడి మొలలో ఉండటమే మన ఖర్మ" అంది.

మర్నాడే నాకు ఇంకో రెండు గొళ్ళేలు కొట్టించారు. తాళంచెవులు సారమ్మకొకటి, ఆమె తోటి కూలీలు కాశింబీకొకటి, వెంగమ్మకొకటి. అందరూ ఉంటేనే తెరవాలి. పాత తాళం మార్చమని కాశింబీ పోరింది. "ఇంత గట్టి తాళం పారేస్తామా వదినా?" అంది వెంగమ్మ. పొదుపు మరీ అంత ముదిరింది! పుల్లారావు దగ్గర మారుచెవి ఉందని అరిచి చెప్పడానికి నాకు నోరేది?

మళ్ళీ కాయలొచ్చాయి. నేను బరువెక్కాను. ఒకరోజు అన్నాలవేళ పుల్లారావు దిగాడు.

"నా పెట్టె నాకిచ్చెయ్యండి, పోతా."

"తీసుకో మేస్త్రీ. నువ్వు పట్టుకుపోయింది ముందు ఇక్కడ పెట్టు" అంది సారమ్మ.

వాడు నవ్వి మొలలోంచి చెవి తీశాడు. మొదటి తాళం సిగ్గులేకుండా ఊడొచ్చింది. సారమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వాడు రెండో తాళం తిప్పాడు. కదల్లేదు. మూడోది తిప్పాడు. అదీ అంతే.

"తిప్పయ్యా, తిప్పు! చెయ్యి నొప్పెడితే చెప్పు, నూనె రాస్తా" అంది కాశింబీ.

వాడు రోషంగా నన్ను ఎత్తబోయాడు. వెంగమ్మ అన్నం గిన్నెతో వచ్చి నామీద కూర్చుంది. "ఎత్తు నాయనా. ఇద్దరం కలిసే వస్తాం." చుట్టూ ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పుల్లారావు గట్టిగా తుమ్మాడు, తిట్టాడు, పోయాడు.

"ఈ పూటే పోస్టాఫీసు. కూలి పోతే పోయింది" అంది సారమ్మ.

నన్ను అక్కడికి మోసుకెళ్ళి, అందరి ముందూ తాళాలు తీశారు.

"ఇన్ని ఖాతాలెందుకమ్మా? ఒకరి పేరున వేసుకోండి" అన్నాడు గుమాస్తా.

"ఒకడి దగ్గరేసి చూశాం బాబూ. ఎవరిది వాళ్ళకే రాయండి" అంది సారమ్మ.

కిటికీ ఎత్తు. సారమ్మ పొట్టి. నా మూత వేసి పైకెక్కింది.

"దిగమ్మా, పెట్టెమీద ఎక్కుతారా ఎవరన్నా?"

"మా సొమ్ము ఎవరి చేతికిస్తన్నామో మొహం కనపడొద్దా అయ్యా?"

ఆపరేషన్ ఇంకా కాలేదు. సొమ్ము కూడుతోంది, సారమ్మ పేరునే. కూలి చేతికొచ్చినప్పుడల్లా నన్నూ ఆ కిటికీ కిందికి మోసుకెళతారు. తాళాలు లేవు, లోపలేమీ లేదు. దారిలో పాత ఇనప సామాన్లవాడు ఆపి బేరమాడతాడు. సారమ్మ నడక ఆపదు.

"పోవయ్యా. దానిమీద ఇంకా ఎక్కాల్సినవాళ్ళున్నారు."