నీళ్ల గోలీ, సండాసు లైను

ముంబై కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగా ఒంటిగదులుండే చాల్‌లో కాపురముండే ఎల్లవ్వ గుండె బలహీనపడింది. అది రక్తాన్ని సరిగా తోయలేక ఒంట్లో నీరు నిలిచిపోతోంది. డాక్టరు ఇచ్చిన గోలీలన్నీ ఆమె వేసుకుంటోంది, నీరు తీసే గోలీ తప్ప. అది మింగితే కాసేపటికే ఒంటికి పరుగెత్తాలి. అంతస్తు మొత్తానికి ఉన్న సండాసు ఒక్కటే, పొద్దున దాని ముందు పొడుగాటి లైను. గోలీ రాసిన డాక్టరుకు ఈ లైను సంగతి ఏం తెలుసు?

కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడలేదు. దిండు కింద దాచిన గోలీలు చూసి, కోడలు శీతల్ ఆమెను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"మిగతావి గుండెను కాపాడతాయి. కానీ నీరు తీసేది ఇదే. మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది" అన్నాడాయన.

సిగ్గుపడి చావడమేమిటి అనుకుంది ఎల్లవ్వ. మర్నాడు పొద్దున్నే గోలీ మింగింది. కాసేపటికి నేరుగా లైను ముందుకు నడిచింది.

పక్కగది విఠల్రావు కాలు అడ్డం పెట్టాడు. "ఏంది వదినె, నీకేమన్న రిజర్వేషనా?"

"అవు మర్దీ, గుండెజబ్బు రిజర్వేషన్. నీళ్ల గోలీ ఏసుకున్న, నీ నంబర్ దాక ఆగది. ఆగుమంటవా, ఈడనే కానిస్త, నువ్వే కడుగు."

లైనంతా నవ్వింది. విఠల్రావు పక్కకు జరిగాడు.

రోజూ అదే చేసింది. కొన్నాళ్లకు వాపు దిగి, వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఇప్పుడు ఆ అంతస్తులో నీళ్ల గోలీ మింగినవాళ్లదే మొదటి నంబరు. ఎల్లవ్వ ఎవరినీ అడిగి పెట్టిన రూలు కాదది.