పాయలో వేసిన కుర్చీలు

మా అత్త నోరు విప్పితే ఆగదని ఊరంతా అంటుంది. పదకొండేళ్లుగా ఆమె కోడలిని, నాకు తెలియనిదేం కాదు. కానీ మా పాయను నిలబెట్టింది ఆ నోరేనని ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి.

సముద్రం నుంచి ఊళ్లోకి వచ్చే ఉప్పునీటి పాయ అది. అత్తా నేనూ అందులో జనాన్ని దాటించే పడవ నడుపుతాం. చేపల పడవలు నలభై దాకా ఆ దారినే సముద్రంలోకి పోతాయి. దాన్ని పూడ్చి హోటలు కడతామని ఒక కంపెనీ బయల్దేరింది. అక్కడ నీళ్లే ఉండవనీ, అది వట్టి నేలనీ కాగితాల్లో రాసుకుంది. విచారణాధికారి చూసి అవునంటే చాలు, మా దారి మూసుకుపోయినట్టే.

కంపెనీ మేనేజరు తెలివి చూడండి. సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళ చూసి మరీ విచారణ పెట్టించాడు. పాయ మధ్యలో తేలిన ఇసుకదిబ్బ మీద టెంటు వేయించి, కుర్చీలూ బల్లా సర్దించాడు. మా పడవ దిబ్బ పక్కన బురదలో ఒరిగి పడుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పన్నెండు దాటితే ఇక్కడ కూర్చోవడం కుదరదని అత్త ముందే చెప్పింది. పదిన్నరకల్లా ముగించేస్తామని మేనేజరు నవ్వాడు. అధికారి మాత్రం పద్ధతి మనిషి. ఎవరి మాటకూ అడ్డుపడననీ, చెప్పిందంతా రాయిస్తాననీ అన్నాడు. అంతే, అత్త నడుం బిగించింది.

తను మొదటిసారి పడవెక్కిన రోజుతో ఎత్తుకుంది. ఏ మలుపులో ఎంత లోతో, ఏ తుపానులో మా మామ ఎవరెవరిని దాటించాడో వరసగా చెప్పింది. నా పురిటినొప్పుల సంగతి కూడా వదల్లేదు, నాకు తల కొట్టేసినట్టయింది. రాసీ రాసీ అధికారి వెంట వచ్చిన గుమస్తా వేళ్లు విరుచుకున్నాడు. ఇక చాలని మేనేజరు రెండుసార్లు విసుక్కున్నాడు.

"రాసుకునే ఆయన రాసుకుంటున్నాడు. మధ్యలో నీకేంటి బాబూ?" అంది అత్త.

ఈలోగా పోటు మొదలైంది. మా పాయలో నీళ్లు ముందు దిబ్బకు రెండు పక్కలా నిండుతాయి, ఆ తర్వాతే దిబ్బ ఎక్కుతాయి. అది మాకు తెలుసు, వాళ్లకు తెలియదు. విచారణ చూడ్డానికి వచ్చిన మా ఊరివాళ్లంతా అప్పటికే గట్టెక్కి చూస్తున్నారు. గుమస్తా చెప్పులు తడిసేసరికి ఒడ్డుకూ టెంటుకూ మధ్య నిలువులోతు నీళ్లున్నాయి. ఒరిగి ఉన్న మా పడవ నిటారుగా లేచింది.

అధికారి బూట్లు చేత్తో పట్టుకుని, కాస్త ఒడ్డుకు చేర్చమని అడిగాడు. ముగ్గురినీ ఎక్కించుకున్నాం. నేను గెడ అందుకున్నాను. అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"ముందు రాయండి సార్, తర్వాత కదులుదాం."

"ఏం రాయాలమ్మా?"

"ఇప్పుడు దేంట్లో కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో, అదే రాయండి."

 ఆయన ఫైలు మోకాలి మీద పెట్టుకుని, విచారణ స్థలం నుంచి పడవలో తప్ప ఒడ్డుకు చేరే వీల్లేకపోయిందని రాసి, పైకి చదివాడు. సాక్షిగా మేనేజరు కూడా సంతకం పెట్టాలంది అత్త. అతను ససేమిరా అన్నాడు.

"సరే, బలవంతం లేదు," అంది అత్త. "వట్టి నేలే అన్నావు కదా. దిగి నడిచిపో."

మేనేజరు నీళ్ల వంక చూశాడు. పెన్ను కోసం చెయ్యి చాపాడు.