డ్రాగన్‌కి జలుబు చేసిన కథ

నాకు ఒళ్ళు మండించేవి రెండున్నాయి. ఒకటి, లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి బయట నిలబడి సలహాలిచ్చేవాళ్ళు. రెండోది, మా ఆవిడ చదివే పుస్తకాలు.

లిఫ్టులు బాగుచేయడం నా పని. మా ఆవిడ జిరాక్సు షాపులో కూర్చుంటుంది. మధ్యాహ్నం పూట ఈగ కూడా వాలదు కాబట్టి పుస్తకం తీస్తుంది. చదివితే చదివింది, రాత్రి కంచం ముందు కూర్చోగానే అదంతా నాకు అప్పజెబుతుంది. అందులో హత్య ఉండదు, యుద్ధం ఉండదు, కనీసం మొగుడూపెళ్ళాల కొట్లాటైనా ఉండదు. ఒక రాక్షసుడు ఉద్యోగం మానేసి గొడుగులు బాగుచేసుకుంటూ ఉంటాడట. పక్క సత్రంలో ఒక బుల్లి డ్రాగన్ నోటిమంటతో స్నానాలకి నీళ్ళు కాస్తుందట. దానికి జలుబు చేసి మంట రావడం మానేసింది. ఊరంతా చన్నీళ్ళ స్నానాలు. ఇదీ కథ!

"మరి విలన్ ఎవరే?" అన్నాను.

"పక్కింటామె. గిన్నె పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ఇంత సుత్తి ఎలా చదువుతావే?"

"మనసుకి హాయిగా ఉంటుందండీ."

"హాయి కావాలంటే పడుకో," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

ఆ మర్నాడే ఒక పాత బిల్డింగు నుంచి ఫోను వచ్చింది. ఊచల తలుపున్న ముసలి లిఫ్టు అది, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల మూడో అంతస్తు టైలరమ్మ, కుట్టిన బట్టల మూటతో సహా ఇరుక్కుంది. నేను వెళ్ళేసరికి ఎదురింటావిడ మెట్ల మీద నిలబడి గొంతెత్తి ఓదారుస్తోంది: "భయపడకండి వదినగారూ! మా చుట్టాల బిల్డింగులో ఇలాగే తాడు తెగింది గానీ, కాళ్ళు మాత్రమే పోయాయి!"

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, లోపలికెళ్ళి తలుపేసుకోండి," అన్నాను. ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పుకుంటూ వెళ్ళింది.

మూడో అంతస్తు తలుపు తాళం తీసి, బోర్లా పడుకుని కిందికి చూశాను. లిఫ్టు పైభాగం మాత్రమే నా వైపు తేలింది. గచ్చుకీ లిఫ్టు కప్పుకీ మధ్య మూరెడు సందుంది. టైలరమ్మ ఊచల తలుపు లాగేసి, మూట మీద నిలబడి, రెండు చేతులూ గచ్చు మీద పెట్టేసింది. పైకి పాకబోతోంది. ఆ సందులో సగం మనిషి ఉండగా లిఫ్టు కదిలిందా, ఇక చెప్పడానికేమీ ఉండదు.

"చేతులు తియ్యండమ్మా! దిగండి! కింద కూర్చోండి!"

"ఊపిరాడట్లేదు నాయనా, నన్ను లాగెయ్యి, నీకు దణ్ణం పెడతాను!"

ఏం కాదమ్మా అన్నాను. ఏం కాదు అనే మాట వింటే ఇరుక్కున్నవాళ్ళకి ఏదో అవుతుందని గట్టి నమ్మకం కలుగుతుంది. ఆవిడ ఇంకా పైకి పాకింది. బుర్రలో మిగిలింది రాత్రి కంచం ముందు విన్నది ఒక్కటే.

"అమ్మా, డ్రాగన్‌కి జలుబు చేసింది," అన్నాను.

"ఏంటీ?"

"డ్రాగనమ్మా. నీళ్ళు కాచే డ్రాగన్. తుమ్మితే పొగొస్తోంది గానీ మంట రావట్లేదు. మీరు కూర్చుంటే చెబుతాను."

వీడికి పిచ్చిగానీ పట్టిందా అన్నట్టు చూసింది. కానీ చేతులు తీసింది. ఊచల తలుపు వేసి, మూట మీద కూలబడింది. నేను గచ్చు మీద అలాగే పడుకుని, గొడుగుల రాక్షసుడి దగ్గర మొదలుపెట్టి గిన్నె దొంగ దాకా నాకు తెలిసినంతా చెప్పాను. ఆవిడ ఊపిరి నెమ్మదించింది.

"ఇంతకీ జలుబు తగ్గిందా?"

ఏమో! నేను అక్కడే చెయ్యి కడుక్కోవడానికి లేచాను కదా.

అసలు చిక్కు అది కాదు. ఆ లిఫ్టుని చేత్తో పైకి తేవాలంటే మేడ మీది మెషిను గదికి వెళ్ళాలి. అక్కడ బ్రేకు మీట ఒకరు ఎత్తి పట్టుకోవాలి, చక్రం ఒకరు తిప్పాలి. అంటే నేనూ ఆ బిల్డింగు వాచ్‌మన్ బాబాయ్ ఇద్దరం పైనే ఉండాలి. ఇక్కడ కాపలాకి ఎదురింటావిడ తప్ప ఎవరూ లేరు. ఆవిణ్ణి పెట్టడం కంటే లిఫ్టుని అలాగే వదిలేయడం నయం. మళ్ళీ ఈవిడ లేచి పాకిందంటే పైనున్న మాకు తెలియను కూడా తెలియదు.

మా ఆవిడకి ఫోన్ చేశాను. "ఏమే, నీ సుత్తి పుస్తకం పక్కనే ఉందా?"

"ఉంది. ఎందుకండీ?"

"ఇక్కడొకావిడ లిఫ్టులో ఉంది. చదువుతూ ఉండు. నేను వచ్చేదాకా ఆవిడ మూట మీంచి లేవకూడదు. లేచిందంటే ప్రాణం మీదికొస్తుంది."

ఇంకో ప్రశ్న వేయలేదు మహాతల్లి. స్పీకరు పెట్టి, ఊచల మధ్య నుంచి ఫోను జారవిడిచాను. "అక్కా, బాగా సర్దుకుని కూర్చోండి, మొదటినుంచీ చదువుతాను," అన్న గొంతు వినబడింది. మెట్లెక్కి పరుగెత్తాను.

పైన కరెంటు తీసేశాను. బాబాయ్ బ్రేకు మీట ఎత్తి పట్టాడు, నేను చక్రం పట్టాను. తిప్పుతున్నంతసేపూ ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. కింద కేక వినబడితే ఆపేయాలి. కేక వినబడాక ఆపినా లాభముండదని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. చెమటకి చేతులు జారుతుంటే చొక్కాకి తుడుచుకుంటూ తిప్పాను. చివరికి తాడు మీద మూడో అంతస్తుకి గుర్తుగా వేసిన రంగు గీత కనబడింది. బ్రేకు మళ్ళీ బిగుసుకునేలా బాబాయ్ మీట వదిలి, "హమ్మయ్య!" అని నేల మీద చతికిలబడ్డాడు.

నేను కిందికి దిగుతున్నాను. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి టైలరమ్మ మాటలు వినబడ్డాయి. గొంతులో వణుకు పోయింది.

"ఆగినట్టుంది తల్లీ. అవునుగానీ, ఏమీ జరగని కథలు చదివితే నీకు విసుగు పుట్టదూ?"

"ఏమీ జరగదనే చదువుతానక్కా," అంది మా ఆవిడ. "మా ఆయన పొద్దున్నే వెళ్ళి ఆ లిఫ్టుల కింది గోతుల్లో దిగుతారు. దిగితే ఇక ఫోనెత్తరు. ఏ తాడు ఎలా ఉందో, పైన ఎవడు చూడకుండా స్విచ్చి వేస్తాడో నాకేం తెలుసు చెప్పండి? భయమేస్తోందంటే ఆయనకి కోపం. అందుకే అనను. ఈ పుస్తకాల్లో అయితే ఎవరెక్కడికెళ్ళినా చీకటిపడేసరికి ఇంటికొచ్చేస్తారు. ఒక్కరు కూడా తప్పిపోరు. అలా చదువుతూ ఉంటే ఈలోపు బయట బండి చప్పుడవుతుంది. అప్పుడు మూసేస్తాను."

నేను మెట్టు మీదే ఆగిపోయాను.

కాసేపటికి వెళ్ళి తలుపు తీశాను. టైలరమ్మ బయటికొచ్చి, గచ్చు మీద రెండు పాదాలూ ఆనించి, నవ్వుతూనే భోరుమంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "బతికించావు నాయనా," అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. "తను లైన్లోనే ఉంది."

"ఏమే," అన్నాను.

"మీరొచ్చి ఎంతసేపయింది?"

"ఇప్పుడే," అని అబద్ధమాడాను. "ఆవిడ క్షేమంగా దిగింది. నాకింకో లిఫ్టుంది. గోతిలో దిగాలి."

"సరేనండీ."

"అయ్యాక ఫోన్ చేస్తాను."

పెళ్ళయిననాటి నుంచీ ఆ మాట నా నోట రాలేదు. ఆవిడకీ అది కొత్తగానే తగిలినట్టుంది.

"ఎందుకు?"

"ఎందుకేంటే! చేస్తానంటే చేస్తాను!" అని కసిరాను. అంతకంటే నాకు చేతకాలేదు.

ఆ రెండో లిఫ్టు కింద ఎప్పుడూ లేనిది ప్రతి బోల్టూ రెండేసిసార్లు బిగించి చూసుకున్నాను. గోతిలోంచి పైకొచ్చాక, చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా నంబరు నొక్కాను. మొదటి రింగు పూర్తి కాలేదు, ఎత్తేసింది.